తడారిన తొట్టి

మా ఇంట్లో ఏ గిన్నే ఖాళీగా ఉండకూడదు. బిందెలు, బకెట్లు, చివరికి స్నానాల గదిలో చెంబు కూడా నిండి ఉండాలి. లేకపోతే నాకు ఊపిరాడదు. "దోమలైతున్నయి అత్తమ్మా" అని కోడలు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉంది. నేను చెవిన వేసుకోను. ముసలి చాదస్తమని మనవడు నవ్వుతాడు. ఇది ముసలితనంతో వచ్చింది కాదని, పదేళ్ల వయసు నుంచీ నన్ను అంటుకునే ఉన్నదని వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

మొన్న మా కాలనీకి నిప్పులార్పే ఎర్ర లారీ వచ్చింది. మంటలు అంటుకుంటే ఏం చేయాలో జనానికి నేర్పడానికి తెచ్చారు. నేనూ కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. గొట్టం విప్పి నీళ్లు మూడో అంతస్తు దాకా కొట్టారు. పిల్లలు కేరింతలు కొడుతూ తడిశారు. అంతా అయ్యాక ఖాకీ బట్టల అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చి, "మీరేమన్న అడుగుతరా అమ్మమ్మా?" అన్నాడు సరదాగా.

"తొట్టి ఎండితె ఎట్ల బిడ్డా?" అన్నాను.

"తొట్టి గాదమ్మమ్మా, ట్యాంకు. ఇనుపది. ఎండినా ఏంగాదు."

ఎండినా ఏం కాదట. లోపలికి వచ్చి కూర్చుంటే ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మా చిన్నతనంలో సిద్దిపేటలో దాన్ని బంబ అనేవాళ్లు. అదొక రెండెడ్ల బండి. దాని మీద నడుములోతు టేకు తొట్టి. నిలువు చెక్కలు పక్కపక్కన పేర్చి చుట్టూ ఇనుప కట్లు బిగించారు. తొట్టి నడుమ ఇత్తడి పంపు ఉండేది. పంపుకు రెండు వైపులా పొడుగాటి కర్రలు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడి పైకీ కిందికీ కొడితే తోలు గొట్టంలోంచి నీళ్లు ఇంటి కప్పు మీదికి ఎగిసేవి. బండి పక్కన ఉర్దూలో ఏదో రాసి ఉండేది. ఏమని రాశారో మా బాపుకు తెలియదు, నాకూ తెలియదు.

బాపు ఆ బంబకు కాపలాదారు. బండిని పెట్టే బంబ కొట్టం వెనకాల ఒక్క గది మాకిచ్చారు. కొట్టానికి రాతి గోడలు, గూనపెంకుల కప్పు, బయటికి తెరుచుకునే రెండు పెద్ద తలుపులు. ముందర దూలానికి కంచు గంట వేలాడేది. లోపల గోడకు వరసగా ఎర్ర బకెట్లు. వాటి అడుగు గుండ్రంగా ఉండేది. చదునుగా ఉంటే ఎవరో ఒకరు ఇంటికి పట్టుకుపోతారని కావాలనే అట్లా చేయించారట. నేల మీద పెడితే దొర్లిపోయే బకెట్టును ఎవరు మాత్రం ఎత్తుకుపోతారు! ఒక మూలన పొడుగాటి కర్రలకు ఇనుప కొక్కేలు బిగించి ఉండేవి. బంబ రాకముందు ఊళ్లో ఉన్నది అవేనని, అంటుకున్న ఇంటిని వదిలేసి పక్కింటి కప్పును ఆ కొక్కేలతో లాగి పారేసేవారని బాపు చెప్పేవాడు. తన చిన్నప్పుడు ఒక వాడ మొత్తం అట్లా కప్పులు లేకుండా వానాకాలం గడిపిందట.

వారానికొకసారి బాపు తోలు గొట్టాన్ని నీడలో పరిచి ఆముదం రాసేవాడు. పిల్లను పడుకోబెట్టి నూనె రాస్తున్నట్టు అంగుళం అంగుళం రుద్దేవాడు. ఇప్పటికీ బాపు అంటే నాకు ఆముదం, తోలు, ఎడ్ల చెమట కలిసిన వాసన. ఆ వాసనతోనే జొన్నగట్క తినేవాడు. అమ్మ ముక్కు మూసుకుని వడ్డించేది.

తొట్టి సంగతి వేరు. దానికి ఏ నూనే అక్కరలేదు, నీళ్లే కావాలి. నీళ్లున్నంత కాలం చెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎండితే ముడుచుకుని సందులు పడతాయి. అందుకే ఎక్కడా నిప్పు లేకపోయినా బంబ తొట్టి ఏడాది పొడుగునా నిండుగా ఉండాల్సిందే. ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటినప్పుడు కూడా బాపు రోజూ రెండు బిందెలు తెచ్చి పోసేవాడు. దారిన పోయేవాళ్లు ఆటపట్టించేవారు.

"ఏందే, కట్టెలకు నీళ్లు పోస్తున్నవ్. చిగురు పెట్టినయా?"

బాపు నవ్వి ఊరుకునేవాడు. వాళ్లు పోయాక నాతో అనేవాడు. "ఎన్నేండ్లు పిలువకపోయినా సరే బిడ్డా, పిలిచిన్నాడు బంబ పలకాలె. గా ఒక్కనాటికే నాకు జీతం."

ఆ రోజుల్లో నేను చేసిన కోతిపని ఒకటుంది. కొట్టంలో ఇత్తడి టోపీ ఒక్కటే ఉండేది. అది బాపు తలకే పెద్దది. ఒకనాడు ఆయన ఎడ్లను కడగడానికి పోయినప్పుడు నేను దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ముక్కు దాకా దిగింది. టోపీ పెట్టుకున్నాక గంట కొట్టకుండా ఎట్లా ఉంటాను? పీట వేసుకుని ఎక్కి, తాడు పట్టుకుని ఊగాను. అంత మోత వస్తుందని అనుకోలేదు. చూస్తుండగానే వీధి నిండా జనం, బిందెలు, కుండలు. ఒకాయన సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు.

బాపు నన్ను కొట్టలేదు. చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పాడు. ప్రతి గడప ముందు నిలబెట్టి ఒకే మాట చెప్పించాడు. "తప్పు నాది. నిప్పు లేదు. ఇంకోసారి చెయ్య." పది గడపలు దాటేసరికి నాకు ఏడుపు వచ్చింది. కోమట్ల ఇళ్లు, కాపుల ఇళ్లు, చివరికి సాలెవాడ. గొంతు బొంగురుపోయినా వదల్లేదు. నీ గంట విని ఎందరి గుండెలు అదిరినయో అందరికీ చెప్పాల్సిందేనన్నాడు.

ఆఖరి గడప కండెల అవ్వది. ఆమె కొడుకు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆమె వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. నడుము కింద ఆమెకు చలనం లేదు. తాటికమ్మల ఇల్లు, గంజి వాసన, గోడవారన రంగు నూలు పడుగులు. నేను నా మాట అప్పజెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"తప్పు నీదే గని ఆకలి గూడ నీదే గద. కూసో పిల్లా." సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. తర్వాత బాపు వైపు తిరిగింది. "గంట ఇని గుండె జల్లుమన్నదిరా. అందరు ఉరుకుతరు, నేనెట్ల ఉరుకుదు? నీ బంబ ఉన్నదనే నా ధైర్యం."

"నీ ఇంటికే ముందుగాల వస్త అవ్వా" అన్నాడు బాపు.

ఆనాటి నుంచి నేను ఆ ఇంటికి అలవాటు పడ్డాను. అవ్వ నాకు తెగిన రంగు దారాలిచ్చేది, వేయించిన చింతగింజలిచ్చేది. చుట్టుపక్కల ఊళ్ల కబుర్లు ఉన్నవీ లేనివీ కలిపి చెప్పేది. కొండపాకలో ఒక మేక మగ్గం మీది చీర కొంగు తినేసిన కథ ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ కొంగు పొడుగు పెరిగేది. నేను ఆ సంగతి అడిగితే, మేక గూడ పెరుగుతది గదే అనేది.

ఆ ఎండాకాలం జిల్లా నుంచి పెద్దసాబు బంబను చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. బాపు మీద అధికారి జమేదారు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తొట్టి మీది ఎర్ర రంగు పెచ్చులూడి ఉందని ఆయనకు గుబులు పట్టుకుంది. కొత్త రంగు వేయాలన్నాడు. తడి చెక్క మీద రంగు నిలవదు కాబట్టి నీళ్లు పారబోసి తొట్టిని ఆరబెట్టమన్నాడు.

"ఎండకాలంల తొట్టి ఎండబెట్టుడా సాబ్?" అన్నాడు బాపు. "చెక్కలు నోర్లు తెరుస్తయి."

"నాలుగు దినాల ముచ్చటే. సాబు చూసి పోంగనే నింపుకో."

రంగు వేశారు. తొట్టి కొత్త గాజులా మెరిసింది. చెప్పిన శుక్రవారం సాబు రాలేదు. వచ్చే శుక్రవారం వస్తాడన్నారు. బాపు నింపుతానన్నాడు. నింపితే సందుల్లోంచి కారి రంగు పొక్కులు లేస్తుందని జమేదారు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. ఆ వారమంతా బాపును తెల్లారి నుంచి సాయంత్రం దాకా సర్కారు కచేరీ గోడలకు సున్నం వేసే పనికి పెట్టారు. చూడవచ్చే కళ్ల కోసం ఊరంతా ముస్తాబవుతోంది. నిప్పు వస్తే ఏంటని ఒక్కరికీ తట్టలేదు.

బాపు ఒక ఉపాయం చేశాడు. తొట్టి లోపల గోడలకు గోనెసంచులు కట్టాడు. నన్ను పిలిచి వంగి మెల్లగా చెప్పాడు.

"మద్యాన్నం అందరు పండుకుంటరు. వెనకదిక్కు కిటికిలకెళ్లి దిగి రెండు బిందెలు గోనెల మీద పొయ్యి. బయట రంగు మీద సుక్క పడొద్దు. మర్చిపోకు బిడ్డా. తొట్టి ఎండొద్దు."

"మర్చిపోను బాపూ."

రెండు రోజులు తు.చ. తప్పకుండా పోశాను. దొంగచాటు పని కాబట్టి ఎంతో గొప్పగా అనిపించింది. మూడో రోజు బిందె పట్టుకుని బావి దగ్గరికి పోతుంటే కండెల అవ్వ వాకిట్లోంచి కేకేసింది. పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారం. కూర్చున్నాను. మేక కథ మొదలైంది. లేచేసరికి పొద్దు వాలింది. సాయంత్రం బాపు సున్నం చేతులతో వచ్చి అడిగాడు.

"పోసినవా బిడ్డా?"

"పోసిన" అన్నాను.

ఏమీ కాలేదు. తొట్టి అట్లాగే ఎర్రగా నిలబడి ఉంది. అందుకే మరునాడు కూడా ఎగ్గొట్టాను. ఆ మరునాడూ అంతే. ప్రతి సాయంత్రం ఆయన అడిగాడు, ప్రతి సాయంత్రం నేను పోశానన్నాను. నా మాట నమ్మాడు కాబట్టి లోపలికి తొంగి చూడలేదు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నా ముఖం నాకే చూపించుకోలేను.

ఆరో రోజు మధ్యాహ్నం. వడగాలి కొడుతోందని అవ్వను కోడలు లోపల కూర్చోబెట్టింది. అవ్వ ఇచ్చిన సర్వపిండి తిని మూతి తుడుచుకుంటూ ఇంటి దారి పట్టాను. సగం దూరం వచ్చానో లేదో గంట మోగింది. ఈసారి మోగించింది నేను కాదు.

సాలెవాడ ఆ చివర గంజి కాచే పొయ్యి నుంచి నిప్పురవ్వ లేచి తాటికమ్మల మీద పడిందట. బాపు కచేరీ నుంచి పరుగెత్తుకొచ్చి ఎడ్లను కట్టిన తీరు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. నలుగురు పంపు మనుషులు ఎక్కేలోపే బండి కదిలింది. అవ్వ ఇల్లు వరసలో అయిదోది. బంబ వాడలోకి వచ్చేసరికి మంట రెండో ఇంటి మీదే ఉంది. అంటే సమయం ఉంది. ఈ మాట నేను ఎన్ని వేలసార్లు అనుకున్నానో.

బావి నుంచి జనం వరసగా నిలబడి బిందెలు అందించారు. తొట్టిలో పోశారు. పోసిన నీళ్లు పోసినట్టే బయటికి వచ్చేశాయి. ప్రతి చెక్క సందులోంచీ కారి, బండి కింద దుమ్ము బురదయింది. పంపు మనుషులు కర్రలు కొడుతుంటే గొట్టం చివర చుక్క రాలేదు, గాలి వచ్చింది. ఆ బుసబుస శబ్దం నాకు వినబడింది. ఇంకా పోయమని బాపు అరుస్తున్నాడు. తలపాగా విప్పి సందుల్లో కుక్కాడు. బురద తీసి పూశాడు. లోపలికి చెయ్యి పెట్టి గోనెసంచి లాగాడు. అది చేతిలో పెళపెళలాడింది. దాన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత తల తిప్పి జనంలో నన్ను వెతికాడు. మా చూపులు కలిశాయి.

అప్పటికి అయిదో ఇల్లు అంటుకుంది. అవ్వ కొడుకు చీరలమ్మడానికి కొండపాక పోయాడు. కోడలు బావి దగ్గర వరసలో ఉంది. అవ్వను వాడవాళ్లు బయటికి తెచ్చి ఉంటారని ఆమె అనుకుంది, కోడలే తెచ్చి ఉంటుందని వాడవాళ్లు అనుకున్నారు. అవ్వ గొంతు వినబడ్డాక గాని ఎవరికీ తెలియలేదు. బాపు ఆ ఎండిన గోనెసంచినే బావి నీళ్లలో ముంచి మీద కప్పుకుని లోపలికి పోయాడు. కప్పు కూలింది. ఆయన ఒక్కడే బయటికి వచ్చాడు. రెండు చేతులూ కాలిపోయి ఉన్నాయి.

అవ్వ రాట్నం వాకిట్లోనే ఉండిపోయింది. దానికి నిప్పు తగల్లేదు. సగం చుట్టిన కండె అట్లాగే ఉంది.

పెద్దసాబు ఆ శుక్రవారం నిజంగానే వచ్చాడు. కొట్టం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన అడిగింది గుమాస్తా తెలుగులో చెప్పాడు. తొట్టి ఎందుకు ఎండిందని అడిగాడు. జమేదారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను తలుపు వెనకాల ఉన్నాను. బాపు చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"రంగు బయటికే సాబ్. లోపట తడి ఉంచుడు నా పని. నేనే మర్చిపోయిన" అన్నాడు.

నేను గడప దాటబోయాను. నోటిదాకా వచ్చింది, తప్పు నాది అని. బాపు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. ఆయన కొలువు పోయింది. వెనక గది ఖాళీ చేయమన్నారు. వీధిలో ఆయన నడిచిపోతుంటే, చిగురు పెట్టినయా అని నవ్విన వాళ్లే ఉమ్మేసి ముఖం తిప్పుకున్నారు. ఆ ఉమ్మి నా మీద పడాల్సింది. బాపు నన్ను చచ్చేట్టు కొట్టి ఉంటే బాగుండేది.

ఆయన వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. అమ్మ చాలా నెలలు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. ఆముదం వాసన మాత్రం పోయింది. బంబను కొన్నాళ్లు వేరేవాళ్లు చూసుకున్నారు. ఎప్పుడో తర్వాత మోటారు బండి వచ్చింది. బంబ కొట్టం సామాను గదిగా మారి, ఆ పైన గోడలు కూడా లేకుండా పోయింది. ఆ తొట్టిలో ఎడ్లకు కుడితి పోశారని విన్నాను. నేను చూడ్డానికి పోలేదు.

పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. బాపు మంచంలో ఉన్నాడు అప్పటికి.

"నన్నెందుకు చెప్పనియ్యలే బాపూ? గంట కొట్టిన్నాడు ఇంటింటికి తిప్పినవ్ గద."

"గప్పుడు తప్పు చెప్పుకోను గడపలున్నయి బిడ్డా. ఈ తప్పుకు నిన్ను తీస్కపోవాల్సిన గడప ఒక్కటే. గా గడపే కాలిపాయె."

అంతే అన్నాడు. నేను ఏడిస్తే, వంగని వేళ్లతో నా తల నిమిరాడు. నన్ను కాపాడాననే అనుకున్నాడు ఆయన. కానీ ఆ వయసులో చెప్పేసి ఉంటే ఎంతో కొంత దిగిపోయేది. దాచినందుకు ఇప్పటిదాకా మోస్తున్నాను. బాపు మీద నాకు ఇంత ప్రేమ ఉండి కూడా ఈ ఒక్క కోపం పోలేదు.

ఎర్ర లారీ వచ్చిపోయిన మరునాడు పొద్దున మనవణ్ని బండి మీద సాలెవాడకు తీసుకుపొమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. వాడకు ఆ పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. మగ్గం చప్పుడు లేదు, గంజి వాసన లేదు. బావి మీద పలక వేసేశారు. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. అవ్వ ఇల్లున్న జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ముందు రెండు మెట్లు, అద్దాల తలుపు.

లోపలి నుంచి పాతికేళ్ల అబ్బాయి లేచి వచ్చాడు. "ఏం గావాలె అమ్మమ్మా?"

చేతులు రెండూ జోడించాను. బాపు నేర్పినట్టే నిటారుగా నిలబడి చెప్పాను. "తప్పు నాది. ఇంకోసారి చెయ్య."

ఆ అబ్బాయి నా కాళ్ల వైపు చూశాడు. మెట్టు మీద ఎండబెట్టిన ఫోను కవర్లు కొన్ని నా చెప్పు కింద పడి ఉన్నాయి. వాటిని నేను చూసుకోలేదు.

"అయ్యో, గిదేం తప్పమ్మమ్మా. ఏంగాలే, పోనియ్" అన్నాడు నవ్వుతూ. కవర్లు ఏరుకుని, కుర్చీ తెచ్చి వేసి, చల్లటి నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. మూత కూడా తనే తీశాడు.

మనవడు తాగమన్నాడు. నేను తాగలేదు. మెట్టు అంచున, గడప ఉండాల్సిన చోట, సీసా మొత్తం మెల్లగా పోశాను. ఎండకు కాగిన బండ కాబట్టి నేను చూస్తుండగానే ఆరిపోయింది.